కథకు కాళ్లు లేవా?

శ్రావణ మాసము వచ్చినదనగా ఉరుకుంద దారులన్నియు జనముతో నిండిపోవును. ఆదవాని నుండి, ఎమ్మిగనూరు నుండి, తుంగభద్ర కావలనున్న రాయచూరు సీమ నుండి, పడమటనున్న బళ్లారి సీమ నుండి భక్తులు తరలి వత్తురు. నాడు బండ్లు కట్టుకొని వచ్చిరి. నేడు బస్సులలో, ఆటోలలో వచ్చుచున్నారు. కాలినడకను వచ్చువారు నేటికిని కలరు. ఆ జనములో తెలుగును వినవచ్చును, కన్నడమును వినవచ్చును. ఈరన్న యని పిలిచినను, నరసింహుడని పిలిచినను పలుకు దైవమొక్కడే. రాత్రి చెట్ల క్రింద వంటలు ముగించి, పిల్లలను పండుకొనబెట్టు వేళ అక్కడ కథలు మొదలగును. ఏడు సముద్రముల కావల మర్రితొర్రలో చిలుక, ఆ చిలుకలో రాక్షసుని ప్రాణము. "అంత దూరము వాడెట్ల పోయినాడవ్వా?" అని పిల్లవాడడుగును. "కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు. పండుకో నాయనా" యని అవ్వ బదులు చెప్పును.

నిద్ర వచ్చు పిల్లవానికి ఆ బదులు చాలును. కాని అదే మాటను మన పెద్దలు సాహిత్య సూత్రముగా గ్రహించిరి. మన యువకులును అట్లే గ్రహించిరి. కథకు కాళ్లు లేవు గనుక అది నేలపై నిలువని పని, కష్టకాలమున నక్కరలేని పని యని పెద్దలందురు. కథకు కాళ్లు లేవు గనుక ఎక్కడికైనను ఎగిరిపోవచ్చును, ఎవరికిని లెక్క చెప్పనక్కరలేదని యువకులందురు. ఈ రెండభిప్రాయములును పొరపాటని మా నమ్మకము. లేని లోకమును కల్పించి, లేని మనుష్యులను పుట్టించి వ్రాయు కథకును కాళ్లు కలవు. ఆ కాళ్లు మోపుటకు నేల వలయును. ఆ కాళ్లెట్టివో, ఆ నేల యెక్కడిదో నేడు విచారింప దలచితిమి.

ఈ విచారణకు కారణము లేకపోలేదు. అద్భుత కథలు వ్రాయు కోరిక మన పట్టణములలోని చదువుకొన్న యువతీయువకులలో దినదినము పెరుగుచున్నది. ఇది సంతోషింపవలసిన విషయమే. కాని వారి కథలు చదివినప్పుడు మాకొక వింత తోచును. ఆదవాని గుట్టలు ఎండకు కాలి సెగలు గ్రక్కుచుండగా, ఆ గుట్టల నీడలో కూర్చుండి వ్రాయు యువకుని కథానాయకుడు మంచు తుపానులో గుర్రమెక్కి పోవుచుండును. వాని పేరు ఆంగ్ల నవలలోనిది. వాని కోట ఆంగ్ల చలనచిత్రములోనిది. వాడెదిరించు నిప్పులు గ్రక్కు రెక్కల సర్పము మరియొక దేశపు పాటలలోనిది. వాడేమి తినునో, చలికి ఏమి కప్పుకొనునో, దెబ్బ తగిలినపుడు ఏమని యేడ్చునో వ్రాయువానికే తెలియదు. లిపి యొక్కటి మాత్రము మనది. తన సొంత లోకము కట్టుకొంటినని ఆ యువకుడనుకొనుచున్నాడు. ఇతరుడు కట్టిన యింటిలో అద్దెకు దిగినాడని మేమనుచున్నాము.

ముందుగా పెద్దల యాక్షేపణను విచారింతము. కేవల కల్పనను చిన్నచూపు చూచుట మన సాహిత్యమున క్రొత్త గాదు. పదునారవ శతాబ్దపు రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలో కథలను రత్నములతో పోల్చి మూడు తెగలుగా విభజించెను. కేవలము కల్పించిన కథలు కృత్రిమ రత్నములట. పూర్వమునుండి వచ్చు సత్కథలు గనిలో పుట్టి సానపట్టని రత్నములట. పూర్వకథకు కవి తన కల్పనతో మెరుగు పెట్టినచో అది సానపట్టిన జాతిరత్నమట. ఈ తీర్పు మన పండితులకు చిరకాలము శిరోధార్యమై యుండెను. పురాణమున మూలము లేని కథ గాజుపూస యను భావము నేటికిని మన పఠనాలయములలో పోలేదు. పురాణము స్థానమున నేడు వాస్తవము వచ్చి కూర్చున్నది, భేదమంతమాత్రమే.

ఈ తీర్పునకు సమాధానము ఆ కాలముననే, మన సీమలోనే వచ్చినది. నంద్యాల ప్రభువగు కృష్ణరాజునకు అంకితముగా పింగళి సూరన కళాపూర్ణోదయమును వ్రాసెను. నంద్యాల మొన్న మొన్నటిదాక, అనగా 2022 వరకు, మన కర్నూలు జిల్లాలోనిదే. ఎనిమిది ఆశ్వాసముల ఆ గ్రంథమునకు ఏ పురాణమునను మూలము లేదు. ద్వారకయు, శ్రీకృష్ణుడును, నారదుడును, రంభయు అందు కనిపింతురు గాని, వారు నడచు కథ సూరన సొంత కల్పనము. ఒకనాడు బ్రహ్మ సరస్వతి వినోదము కొరకు ఒక కథ చెప్పెనట. అది సృష్టికర్త నోట వచ్చిన మాట. కల్పించి చెప్పినను అది కల్లగా మిగులుటకు వీలు లేదు. కావున కథలోని వారందరును భూమిపై పుట్టవలసి వచ్చెను. చెప్పిన దంతయు జరుగవలసి వచ్చెను. కళాపూర్ణుడను రాజు తానెవరి కథలోని పాత్రయో, ఏల పుట్టెనో, మధురలాలస యను పసిబిడ్డ నోట వినును.

పాఠకులు ఈ యూహను ఒక్క క్షణము నిదానించి చూడవలయునని ప్రార్థించుచున్నాము. కల్పనకును నిజమునకును గల సంబంధమును గూర్చి ఇంత గంభీరముగ ప్రశ్నించిన గ్రంథములు లోకమున కొలదిగనే యుండును. కథ చెప్పువాడు బాధ్యుడు, చెప్పిన మాటకు కట్టుబడవలసినవాడని సూరన తేల్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వ తత్త్వ విచారమును ప్రకటించి, సూరన కథాకల్పన యందలి ప్రజ్ఞను నవీనులకు చూపిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు ఆ కావ్యమును ఆంగ్లమున వెలువరించిరి. పరదేశీయులు దానిని చదువుచున్నారు. నంద్యాలకు నూరు మైళ్ల లోపల నున్న మన యువకుడు దాని పేరైనను విని యెరుగడు. ఇది యెవరి తప్పు?

సూరన చెప్పిన మొదటి పాఠము నియమము. కల్పిత లోకమునకు ధర్మశాస్త్రము వలయును. మన లోకమున నిప్పు కాల్చును, నీరు పల్లమునకు పారును; రచయిత వీటిని మార్చవచ్చును. కాని మార్చిన పిదప తానే దానికి కట్టుబడవలయును. అల్లసాని పెద్దన ప్రవరాఖ్యుని హిమాలయమునకు పంపినప్పుడు చేసిన పనిని గమనింపుడు. సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని ప్రవరుడు క్షణములో మంచుకొండకు చేరెను. ఆ మంచుకే పసరు కరగిపోయెను. పోవుటకు తోడ్పడిన మందు వచ్చుటకు పనికిరాకపోయెను. ఇల్లు, అగ్నిహోత్రము, తలిదండ్రులు ఒక్కసారిగా అందరాని దూరమునకు పోయిరి. వరూధిని యెదురుపడుట అటుపిమ్మట. పసరు కరగకున్నచో ఆ కథయే లేదు. మంచును గూర్చి వ్రాయరాదని మేమనము. పెద్దన కంటె చక్కగ నెవరు వ్రాయగలరు? ఆయన మంచు కథలో పని చేసినది. మన యువకుని మంచు బొమ్మలోని రంగువలె ఊరక పడియున్నది.

ఇదే నియమమును 1951లో పాతాళభైరవి చలనచిత్రమున కె.వి. రెడ్డిగారు, రచయిత పింగళి నాగేంద్రరావుగారు పాటించిరి. సాహసియగు యువకుని బలి యిచ్చిన వానికే దేవి ప్రసన్నమగునని నేపాళ మాంత్రికుడు నమ్మి తోట రాముని వెదకి పట్టుకొనెను. నియమము మాంత్రికునిది. కాని నియమమునకు తన పర భేదము లేదు. సాహసియైనవాడు మాంత్రికుడు గూడను గదా! రాముడు వానినే బలి యిచ్చి ప్రతిమను పొందెను. ప్రేక్షకులు ఆ ఘట్టమునకు చప్పట్లు కొట్టినది మాయను చూచి గాదు, మాయయందును న్యాయము కలదని చూచి. నాయకునికి ఆపద వచ్చినప్పుడెల్ల క్రొత్త శక్తి నొకదానిని జేబులోనుండి తీసి యిచ్చు రచయిత, లెక్కల పుస్తకమును తగులబెట్టిన వర్తకుని వంటివాడు. వానికి రెండవసారి ఎవరును అప్పు పెట్టరు.

రెండవ పాఠము పాత్రను గూర్చినది. అద్భుత కథలో కొండలు ఎగురవచ్చును, చెట్లు మాటలాడవచ్చును. కోరిక మాత్రము మనుష్యుల కోరికయే కావలయును. సూరన సృష్టించిన కలభాషిణి ద్వారకలోని ఒక వేశ్య. ఆకాశమున విమానమెక్కి పోవు రంభా నలకూబరుల మాటలు వినెను, నలకూబరుని కోరెను. నారదుని వరమున రంభ రూపము దాల్చి తాను కోరినవానిని పొందితినని మురిసెను. కాని ఆమె పొందిన నలకూబరుడు నలకూబరుడు గాడు, ఆ రూపము దాల్చిన మణికంధరుడు. ఆమె రంభ గాదు, అతడు నలకూబరుడు గాడు. ఇద్దరును ఒకరినొకరు మోసపుచ్చి, ఇద్దరును మోసపోయిరి. ఇంతకంటె మానుష కథ యేది? మన వీథిలో పరుల వేషము వేసికొని ప్రేమను సంపాదింప జూచువారు లేరా? మాయ లేకున్నచో ఈ సత్యమును ఇంత సూటిగా చూపుట సాధ్యము గాదు. మాయ యొక అద్దము, ముఖము మనదే.

తోట రాముడు తోటమాలి కొడుకు, రాకుమారిని కోరెను. ఆ యంతస్తుల దూరమే కథను నడిపినది. నేపాళ మాంత్రికుడు అమాయకులను వలలో వేసికొనువాడు; కాని వానికిని ఒక తపన కలదు, ఓర్పు కలదు, శిష్యునితో ముచ్చట కలదు. ప్రతినాయకుని కేవలము దుర్మార్గము మూటగా కట్టి నిలబెట్టు రచయిత, దిష్టిబొమ్మను చేసి దానితో యుద్ధము చేయించువాడు. దిష్టిబొమ్మను గెలిచినవానికి కీర్తి యేమి వచ్చును?

పాత్రలను పుట్టించుటలో మన తోలుబొమ్మలాటగాండ్రు పండితులకును తీసిపోలేదు. రామాయణమాడినను, భారతమాడినను, వారు నడుమ కేతిగాని, బంగారక్కను, జుట్టుపోలిగాని తెరపైకి తెచ్చిరి. వాల్మీకి వీరి నెరుగడు, వ్యాసుడెరుగడు. ఐనను రావణుడు పది తలలతో గర్జించి నిష్క్రమింపగనే వచ్చి, ఇంటిపోరు, కూలిపాట్లు, ఊరి పెద్దల గొప్పలు ఎత్తి జనులను కడుపుబ్బ నవ్వించువారు వీరే. లంక నిజమని జనులు నమ్ముటకు ఈ ముగ్గురును సాక్షులు. అద్భుత లోకమునకు రాజులు మాత్రమే చాలరు. ఆ రాజ్యములో నీరు మోయువారు, అంట్లు తోమువారు, పన్ను కట్టలేనివారు నుండవలయును. కోటను వర్ణించి ఆ కోటకు రాళ్లు మోసినవాని మరచిన కథ సగము కథ.

మూడవ పాఠము భాష; దానితో కూడ నేల. మన యువకులు గురువుగా భావించు టోల్కీను గారు ఆక్స్‌ఫర్డు విద్యాపీఠమున ఆంగ్ల భాషాచార్యులు. 1937లో హాబిట్ కథను, 1954, 1955 సంవత్సరములలో ఉంగరముల ప్రభువు కథను మూడు సంపుటములుగ ప్రకటించిరి. ఆయన మొదట కల్పించినది భాషలను. ఆ భాషలు మాటలాడుటకు జనులను, ఆ జనులు నివసించుటకు లోకమును తరువాత కల్పించిరి. దానికి కావలసిన సామగ్రిని తన దేశపు ప్రాచీన భాషనుండియు, ఉత్తర దేశపు పాత గాథలనుండియు జీవితమంతయు త్రవ్వి తెచ్చిరి. ఆయనను అనుసరింప దలచినవారు ఆయన రాక్షసులను తెచ్చుకొనుట శిష్యరికము గాదు. ఆయన చేసినట్లు తమ నేలను తాము త్రవ్వుట శిష్యరికము.

ఈ రహస్యము మనవారికి తెలియనిది గాదు. 1957లో వచ్చిన మాయాబజారు చిత్రమున పింగళి నాగేంద్రరావుగారు అస్మదీయులు, తస్మదీయులు, వీరతాళ్లు మొదలగు మాటలతో ఘటోత్కచుని పరివారమునకొక నుడికారమునే సృష్టించిరి. నేటికిని ఆ మాటలు మన సంభాషణములలో దొర్లుచున్నవి. శశిరేఖ వ్యాసభారతమున లేదు. ఆమెకు ముచ్చట తీర్చు ప్రియదర్శిని పేటికయు లేదు. ఐనను ఆమె తెలుగింటి ఆడపడుచు గాదని యెవరనగలరు? మనకు పొరుగున, తుంగభద్ర కావలియొడ్డున, రాయచూరు జిల్లాలో జన్మించిన రాజమౌళిగారు 2015లో మాహిష్మతీ రాజ్యమును తెరపై నిలిపిరి. అందు కాలకేయులకు కిలికి యను భాషను ప్రత్యేకముగా కల్పింపజేసిరి. ఆ మాటల కర్థము తెలియకపోయినను, అవి యే జాతివారి నోట వచ్చుచున్నవో ప్రేక్షకులు గ్రహించిరి.

పరుల కథలను ముట్టరాదని మా వాదము గాదు. పాతాళభైరవిలో అరేబియా దేశపు అల్లావుద్దీను దీపపు జాడ కలదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల జాడయు కలదు. ఆ రెండును కలసి, అరగి, తెలుగు రక్తమైపోయినవి. దీక్షితులుగారి పండ్రెండు భాగముల గ్రంథమునకు మూలకట్టేమి? మణిసిద్ధుడను యతి కాశీకి పోవుచు ఒక గోపబాలుని తోడు రమ్మనెను. దారిలో తాను చూచిన వింతకెల్ల కథ చెప్పిననే వత్తునని ఆ బాలుడు షరతు పెట్టెను. అన్నమునకు, కూలికి కాక, కథకు నడచిన పనివాడు! గొర్రెలు కాచు పిల్లలు నేటికిని కనబడు మన సీమకు ఆ బాలుడు బంధువు గాడా? తినుట తప్పు గాదు, అరిగించుకొనకపోవుట తప్పు.

ఇప్పుడు మన సీమను చూతము. ఆదవాని చుట్టును ఒక్క చేయి జారినట్లు ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్లు, ఎన్నడు పడునో యనిపించుచు ఎన్నడును పడవు. వానికి పాదుగ నల్లరేగడి చేలు. వాన వచ్చిన కాలు దిగబడును, ఎండ వచ్చిన నేల నెర్రెలు విచ్చును. దేవరగట్టున దసరా రాత్రి కర్రలు మ్రోగుచుండగా మణిమల్లాసురుల కథను ఒక తరము వేరొక తరమునకు అందించును. ఎమ్మిగనూరు మగ్గముల పలుకు, ఆదవాని పత్తి మిల్లుల దూది, రెండు భాషలు కలసి పుట్టిన మూడవ యాస యీ సీమ సొత్తు. ఇందు లోకములు కట్టుటకు చాలని దేమి? హిమపాతము తప్ప సర్వము కలదు.

ఒక్క ఉదాహరణము చెప్పెదము. ఇది సూచన మాత్రమే. కోసిగి, కౌతాళము పల్లెలనుండి ఏటేట కుటుంబములు పనికై గుంటూరు మిరప చేలకును, బెంగుళూరునకును వలస పోవుట పాఠకులెల్ల రెరిగినదే. పిల్లలును వెంట పోదురు. బడిలో పలకలు మిగులును. ఈ సంగతిని వార్తగా వ్రాసిన చదివి మడిచి పెట్టుదుము. ఒక కల్పిత దేశమును తలపుడు. అందు ఊరు విడిచి పోవువాడు తన నీడను ఊరి వాకిట విడిచి పోవలయునని నియమము. తిరిగి వచ్చినవాడు తన నీడను తీసికొనవచ్చును. కాని నీడ పెరుగదు. ఆరు నెలలకు తిరిగి వచ్చిన పిల్లవాడు పొడవైయుండును. వాని నీడ పొట్టిగనే యుండును. అది వానికి సరిపోదు. నీడలను కాచువాడొక డుండును; వాడొకప్పుడు పోయి సకాలమున తిరిగి రాలేక తన నీడను పోగొట్టుకొన్నవాడు; కావున ఒక్క నీడనైనను అప్పగించుటకు వానికి మనసొప్పదు. అవ్వతో ఊరిలో మిగిలిన ఒక బాలిక రోజును పోయి అన్న నీడకు ఎండ తగులకుండ... కాదు, నీడ నిలుచుటకు ఎండయే కావలయును గనుక, మబ్బు పట్టినప్పుడెల్ల దీపము పట్టుకొని దాని ప్రక్కన నిలుచును. వానకై యేడ్చు సీమలో మబ్బును చూచి భయపడు బిడ్డ యామె! ఇందు నియమము కలదు, వెల కలదు, కోరిక కలదు, నేల కలదు. దీనిని చదివిన అధికారి బడి హాజరుపట్టీని మునుపటివలె చూడగలడా?

"కరవు సీమలో కల్పన లేల? వానలు, కూలి, ధరలు, వీనిని గూర్చి వ్రాయుడు" అని మాతో వాదించు మిత్రులు కలరు. వానిని గూర్చియు వ్రాయవలసినదే. కాని ఒక్క సంగతిని వారు మరచుచున్నారు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు నేతగాండ్రను సహకార సంఘముగా కూర్చుటకు పూర్వము ఆ సంఘము ఎక్కడ నుండెను? 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ కూడిననాడు ఆంధ్ర రాష్ట్రము ఏ పటమున నుండెను? 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రమున చేరువరకును అది నలువదేండ్లు మనుష్యుల తలపులలోనే జీవించినది. లేనిదానిని ఉన్నట్లు చూడగలుగుట, చూచినదానికి నియమములు వ్రాసికొనుట, ఆ నియమములకు తాను కట్టుబడుట, ఇవి కథకుని గుణములు. నిర్మాతల గుణములును ఇవియే. ఉన్నదొక్కటే సాధ్యమని నమ్మిన జాతి ఉన్నచోటనే యుండును. ఇతరులు కల్పించిన లోకములలో మాత్రమే కలలు గను జాతి, మేలుకొన్న పిదపను వారి చెప్పుచేతలలోనే యుండును.

ఒకప్పుడు ఈ విద్యకు మన పిల్లలకొక బడి యుండెను. 1947 జూలైలో చందమామ వెలువడెను. 1954లో తోకచుక్క మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలు అందు ఏండ్ల తరబడి వచ్చినవి. రచయిత పేరైనను వేయక అచ్చుపడిన ఆ కథలకై పిల్లలు నెల నెల కాచుకొని యుండిరి. కంచుకోట, రాకాసిలోయ, యక్షపర్వతము వారికి తమ తాలూకా గ్రామములవలె తెలిసియుండెను. 2013 నాటికి ఆ పత్రిక నిలిచిపోయెను. పిల్లల కల్పనాదాహము నిలువలేదు. అది చేతిలోని ఫోను తెరవైపు మరలినది. అక్కడ దొరకునదంతయు అన్యుల కోటలే యైనచో, పిల్లలను నిందించి ప్రయోజనమేమి?

కావున మా సూచనలు మూడు. బెజవాడలో 1914లో తొలి ఆంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుండి మన పఠనాలయములు ప్రజల విద్యాపీఠములు. ప్రతి పఠనాలయమునను అద్భుత కథలకొక బీరువా, పిల్లల చేతికందునంత ఎత్తున, ఏర్పరుపవలయును. అందు కళాపూర్ణోదయ కథ సులభ వచనమున నుండవలయును. దేవకీనందన ఖత్రీగారి చంద్రకాంత కథను చదువుటకై హిందీ నేర్చుకొన్నవారు పెక్కుమంది యని ప్రసిద్ధి. రుచిగల కథ యుండిన చదువు దానంతట వచ్చును. రెండవది, నెలకొక సాయంకాలము ఊరి అవ్వలను, గొర్రెల కాపరులను, నేతగాండ్రను పిలిచి కథలు చెప్పించి, యువకులు వానిని ఆ మాటలలోనే వ్రాసికొనవలయును. నడుమ వచ్చు కన్నడ పదములను దిద్దరాదు. మూడవది, వ్రాయువారు తమకు తాము పెట్టుకొనవలసిన పరీక్ష. నీ లోకమున ఒక నియమమును చెప్పుము; దానికి నీ నాయకుడు చెల్లించిన వెల చెప్పుము; నీ యూరివాడు ఆ లోకమునకు పోయిన ఎవరి యింట మంచినీళ్లడుగునో చెప్పుము. ఈ మూడింటికి బదులు గలవాడు మంచును గూర్చి వ్రాసినను మాకు సమ్మతమే.

మరల శ్రావణము వచ్చును. ఉరుకుంద చెట్ల క్రింద మరల పిల్లవాడు "ఎట్ల పోయినాడవ్వా?" అని యడుగును. అవ్వ పగలెల్ల నడచి అలసినది. ఆమె చెప్పిన బదులును మనము తప్పు పట్టము. కాని ఆ ప్రశ్న సాహిత్యమును గూర్చి అడుగవలసిన ప్రశ్నలన్నిటిలో మొదటిది. వాడెట్లు పోయెను? దారిలో ఏమి పోగొట్టుకొనెను? తిరిగి వచ్చినప్పుడు వానిని ఎవరు గుర్తించిరి? ఈ సీమ యువకులలో ఒక్కరైనను ఆ బాలుని ప్రక్కన కూర్చుండి, ఈ సీమ మాటలలో, వానికి నిద్ర రాకుండ చేయు బదులు చెప్పగలిగిననాడు కథకు కాళ్లు వచ్చినవని మేము సంతోషింతుము.